మైదానాలు లీజుకిచ్చే ముందు క్లబ్బులను అడగండి

సంపాదకులకు నమస్కారం.

మున్సిపల్ ఆటస్థలాలను ప్రైవేటు నిర్వాహకులకు లీజుకిస్తే నిర్వహణ ఖర్చు తప్పుతుంది, పైగా నాలుగు డబ్బులు వస్తాయి అన్న మాట విజయవాడలో తరచూ వినిపిస్తోంది. ఈ లెక్కలో ఎక్కడా కనిపించని వాళ్లు కొందరున్నారు. జీతం, టికెట్టు, స్పాన్సరు లేకుండా సాయంత్రం పూట ఆడుకుని ఇళ్లకు పోయే అమెచ్యూర్ క్లబ్బులవాళ్లు. ఒక కళాశాలలో వ్యాయామ శిక్షకుడిగా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి వాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉదాహరణకు రగ్బీని తీసుకుంటాను. బెజవాడకు రగ్బీ ఏమిటని నవ్వేవారు కాస్త ఓపిక పట్టాలి. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతోనూ ఒక జట్టు ఆడింది. మన ఊళ్లో కూడా ఆ కోడిగుడ్డు ఆకారపు బంతి పట్టుకుని తిరిగే కుర్రాళ్లు ఉన్నారు. లేనిదల్లా వాళ్లకు ఆడుకునే చోటు.

రగ్బీ పుట్టిన దేశంలో ఒక క్లబ్బు కథ చూడండి. 1867లో ఉత్తర లండన్‌లో వాస్ప్స్ క్లబ్బు మొదలైంది. జంతువుల, పురుగుల పేర్లు పెట్టుకోవడం ఆ కాలపు సరదా, వీళ్లు కందిరీగలయ్యారు. 1871 జనవరిలో, ఇంగ్లండ్‌లో ఈ ఆటను నడిపే సంఘమైన రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను స్థాపించిన సమావేశానికి వీళ్ల ప్రతినిధి కూడా బయలుదేరాడు గానీ రోజూ, వేళా, చోటూ అన్నీ తప్పి ఇంకెక్కడికో వెళ్లాడని చెప్పుకుంటారు. వ్యవస్థాపక క్లబ్బుల జాబితాలో ఆ పేరు లేకపోవడానికి కారణం అదేనట. మన సంఘాల సర్వసభ్య సమావేశాలు చూసినవారికి ఇది వింతగా తోచదు.

1923 నుంచి ఆ క్లబ్బు సడ్‌బరీ మైదానంలో ఆడింది. ఆటగాళ్లకు డబ్బు చెల్లించవచ్చని 1995 ఆగస్టులో అంతర్జాతీయ రగ్బీ బోర్డు ప్రకటించాక అంతా మారిపోయింది. 1996లో ప్రధాన జట్టు సడ్‌బరీ వదిలి ఒక ఫుట్‌బాల్ స్టేడియానికి, 2002లో లండన్ బయట ఉన్న వికంబ్ పట్టణానికి, 2014లో లండన్‌తో సంబంధమే లేని కోవెంట్రీకి మారింది. విజయాలకు కొదవ లేదు. 2004లో, 2007లో ఐరోపా విజేత. కానీ కోవెంట్రీ స్టేడియం కొన్నాక ప్రజల నుంచి బాండ్ల రూపంలో సేకరించిన మూడున్నర కోట్ల పౌండ్లు 2022లో గడువుకు తిరిగి చెల్లించలేకపోయింది. ఆ అక్టోబరులో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆటగాళ్లు, సిబ్బంది ఒక్కరోజులో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

మరి ఈ జీతాల జట్టు నుంచి విడిపోయి, అదే పేరుతో జీతాలు లేకుండా ఆడే అమెచ్యూర్ క్లబ్బు? అది పశ్చిమ లండన్‌లోని ఆక్టన్ మైదానంలో ఇప్పటికీ ఆడుతూనే ఉంది. ఐరోపా కప్పులు గెలిచినవాళ్లు ఊళ్లు మారి మారి మునిగిపోతే, సాయంత్రం పనులు ముగించుకుని వచ్చి ఆడేవాళ్లు తమ మైదానాన్ని పట్టుకుని నిలిచారు. మన నగరంలో లీజు ఫైళ్ల మీద సంతకాలు చేసేవారు ఈ ఒక్క ముక్క తెలుసుకుంటే చాలు.

స్థలం కరువు మనకు తెలియనిది కాదు. పాతవాళ్లు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనే స్వరాజ్య మైదానం ఇప్పుడు అంబేడ్కర్ స్మృతివనం. అంతటి మహనీయుడికి నగరం నడిబొడ్డున చోటు దక్కినందుకు సంతోషమే. అయితే నగరంలో ఒక మైదానం తగ్గిన మాటా నిజమే. 2002లో భారత్, వెస్టిండీస్ వన్డే జరిగిన ఇందిరాగాంధీ స్టేడియం కవాతులకూ, సభలకూ వేదికైంది. ఇక మిగిలిన ఖాళీలను వలలు కట్టి బాక్స్ క్రికెట్‌కు ముక్కలు చేస్తే, దాదాపు వంద మీటర్ల పొడవు కావలసిన రగ్బీ, ఫుట్‌బాల్, హాకీ కుర్రాళ్లు ఎక్కడికి పోవాలి? గంటకింత అని చెల్లించి బాక్స్ క్రికెట్ ఆడేవారి మీద నాకు కోపం లేదు. వాళ్లకు ప్రైవేటు స్థలాలు బోలెడు దొరుకుతాయి.

స్థలం దొరికినా అది ఆడటానికి పనికిరావాలి. రగ్బీలో బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ని చుట్టేసి నేలమీద పడగొడతారు. పడినవాడు బంతి వదలాలి. పడటం ప్రమాదం కాదు, ఆటలో భాగం. చెడుగుడు ఆడి మోకాళ్లు చెక్కుకుపోయిన మా తరానికి ఈ ఆట వెంటనే అర్థమవుతుంది. అందుకే దీనికి స్టాండ్ల కన్నా మంచి నేల ముఖ్యం. మన మైదానాల్లో సభ ముగిసిన మర్నాడు వెళ్లి చూడండి. పందిరి రాటలు పీకిన గుంతలు, తివాచీకి కొట్టిన మేకులు, టెంట్ల తాళ్ల ముక్కలు, సోడా సీసాల పెంకులు. గుంతలో పైపైన మట్టి నెట్టి పోతారు. మొదటి వానకు అది కుంగుతుంది, పరుగెత్తేవాడి చీలమండ అందులో మెలిపడుతుంది. నేను చూసిన కుర్రాళ్లు వెదురు బొంగులతో గోల్ స్తంభాలు పాతుకుని, సున్నంతో గీతలు గీసుకుని, ఆటకు ముందు వరసగా వంగి నడుస్తూ మేకులు ఏరుకునేవారు. చివరికి ఒక నిర్వాహకుడి కాపలాదారు వచ్చి ‘ఇది మా అకాడమీ స్థలం’ అని పంపేశాడు. మునుపటి వారం వరకు అది ఊరందరి స్థలం.

వేళ సంగతి మరొకటి. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాది క్లబ్బులు ఇరవైకి పైగా యూనియన్ నుంచి విడిపోయింది కూలి డబ్బు దగ్గరే. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆట కోసం పోగొట్టుకునే కూలిని క్లబ్బులు భర్తీ చేస్తామంటే దక్షిణాది పెద్దమనుషులు కుదరదన్నారు. ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే కుర్రాడి ఇబ్బందీ ఇదే. చీకటి పడేవరకు అతనికి పని తెమలదు. మైదానంలో దీపాలు లేకపోతే ఆట తీరికున్న ఇళ్ల పిల్లలదే అవుతుంది.

క్లబ్బులకూ బాధ్యత ఉండాలి. కలకత్తాలో 1873లో దొరలు పెట్టుకున్న రగ్బీ క్లబ్బు అయిదేళ్లకే మూతపడింది. ఉచిత మద్యం ఆగింది, పటాలం బదిలీ అయింది, మిగిలినవాళ్లు టెన్నిస్, పోలోలకు మళ్లారు. ఆ దొరతనాన్ని పొగడను. కానీ పోయేటప్పుడు బ్యాంకులోని సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, నాగుపాముల పిడులతో, మూత మీద ఏనుగుతో ఒక కప్పు చేయించి యూనియన్‌కు ఇచ్చారు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ ఆ కలకత్తా కప్పు కోసమే ఆడుతున్నాయి. మన ఊళ్లో మూతపడిన సంఘాల నిధులు ఏమయ్యాయో అడిగితే ముఖాలు చూసుకుంటారు.

కాబట్టి నగరపాలక సంస్థకు నా విన్నపం ఇది. ఏ మైదానాన్ని లీజుకిచ్చినా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు రిజిస్టరైన అమెచ్యూర్ క్లబ్బులకు ఉచితంగా కేటాయిస్తూ ఒప్పందంలోనే రాయండి; దీపాల ఖర్చు లీజు సొమ్ములోంచి పెట్టండి. ఏటా లెక్కలు సమర్పించని క్లబ్బుకు ఆ వేళ రద్దు చేయండి. సభలకు, ఎగ్జిబిషన్లకు స్థలం ఇచ్చేటప్పుడు డిపాజిట్ తీసుకుని, గుంతలు పూడ్చి రోలర్ నడిపాక, ఆ మైదానంలో ఆడే క్లబ్బు చూసి సరేనన్నాకే వాపసు ఇవ్వండి. ఈ ఊరి ఎండలకు పడి లేచే ఆట ఆడగలిగేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. ఉత్తర్వులు అక్టోబరులోగా వస్తే ఈ ఏడాదే పనికొస్తాయి.

— ఒక విశ్రాంత వ్యాయామ శిక్షకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ