గార్డు చేతికి సరిపోయే తుపాకీ కొనాలి

సంపాదకులకు,

అయ్యా,

బ్యాంకు గార్డుల చేతుల్లోని పాత డబుల్ బ్యారెల్ తుపాకులు తీసేసి 12 బోర్ (బోర్ అంటే బ్యారెల్ రంధ్రం కొలత) పంప్ యాక్షన్ తుపాకులు, అంటే ముందు పట్టును చేత్తో వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేవి, ఇవ్వాలన్న మాట తరచూ వినిపిస్తోంది. నగదు వ్యానులో ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలని 2018 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. మార్చడం మంచిదే. కానీ టెండరులో బోరు, ధర తప్ప మరేమీ రాయకుండా కొంటే మంచి తుపాకీ కూడా గార్డుకు అక్కరకు రాదు.

పంప్ యాక్షన్‌లో మెచ్చుకోవలసింది ఒకటే. అది తూటా బలం మీద ఆధారపడదు. పేలిన తూటా బలంతోనే తర్వాతిది ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌లో తూటా బలహీనంగా ఉంటే తర్వాతి తూటా ఎక్కదు. పంప్‌లో ఆ పని చెయ్యి చేస్తుంది. అయితే చెయ్యి సగం లాగితే తుపాకీ కూడా సగం పనే చేస్తుంది: ఖాళీ తూటా బయటపడదు, లేదా కొత్తది పైకి లేవదు. శిక్షణలో ఎక్కువగా కనబడే లోపం ఇదే. దీనికి భయం ఒక్కటే కారణం కాదు, బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు కూడా.

విదేశీ నమూనాల్లో ట్రిగ్గర్ నుంచి బట్ చివరి దాకా దాదాపు 14 అంగుళాలు ఉంటుంది. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి పన్నెండున్నర, పదమూడు చాలు. ఎక్కువైతే బట్ భుజం కీలు మీదికి జారుతుంది, ఎడమ చెయ్యి ముందు పట్టును పూర్తిగా వెనక్కి లాగలేదు. కొలవడం తేలిక. ఖాళీ తుపాకీ బట్‌ను మోచేతి మడతలో ఆనించి, చేతిని లంబకోణంలో వంచినప్పుడు చూపుడువేలి మొదటి గణుపు ట్రిగ్గర్‌కు అందాలి. అందకపోతే బట్ కోయించి రబ్బరు ప్యాడ్ బిగించాలి. తూటాలు నింపే పొడవు ట్యూబు, పక్కన తూటాల పట్టీ, టార్చి లాంటి హంగులకు పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టాలి. పిస్టల్ పట్టు మాత్రమే ఉండి భుజానికి ఆనని తుపాకీ గార్డుకు పనికిరాదు.

వ్యాను తలుపుల్లో తిరగడానికి పొట్టి బ్యారెల్ నయం. కానీ మన ఆయుధ నిబంధనల్లో 20 అంగుళాల లోపు బ్యారెల్ ఉన్న తుపాకులది వేరే వర్గం కాబట్టి 20 దగ్గరే ఆగడం క్షేమం. ముందు పట్టును బోల్టుతో (తూటా వెనక మూసే భాగం) కలిపే కడ్డీలు రెండు ఉండాలి. ఒక్కటే ఉంటే పక్కకు లాగినప్పుడు బిగుసుకుంటుంది. సేఫ్టీ మాస్‌బర్గ్ 500 పద్ధతిలో వెనక బొటనవేలి కింద ఉందా, రెమింగ్టన్ 870 పద్ధతిలో ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉందా చూడాలి. ఎడమచేతి వాటం గార్డుకు మొదటిదే అనువు.

ఇక తూటాలు. ఛాంబర్ (పేల్చే తూటా కూర్చునే గది) 70 మిల్లీమీటర్ల పొడవుదైతే 65 తూటా వాడొచ్చు. 65 ఛాంబర్‌లో 70 తూటా పెడితే దాని మూతి తెరుచుకోవడానికి చోటు లేక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. 12 కన్నా సన్ననిదైన 20 బోర్ తూటా ఒక్కటి 12 బోర్ తూటాల్లో కలిసినా ముప్పే. అది ఛాంబర్ దాటి బ్యారెల్ మొదట్లో ఇరుక్కుంటుంది, వెనక 12 బోర్ తూటా పేలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. ట్యూబులో నెలల తరబడి నింపి ఉంచితే స్ప్రింగు ఒత్తిడికి ప్లాస్టిక్ తూటాలు ఉబ్బి ఇరుక్కుంటాయి. అప్పుడప్పుడు తీసి మార్చాలి.

పెద్ద గుళ్లుండే ఎల్‌జీ, ఎస్‌జీ రకం తూటాల్లో ఏది కొనాలన్నది కాగితం మీద కాదు, ఫైరింగ్ రేంజిలో తేల్చాలి. చోక్ (మూతి దగ్గర సన్నబరిచిన భాగం) లేని బ్యారెల్‌లో గుళ్లు గజానికి సుమారు ఒక అంగుళం చొప్పున పరుచుకుంటాయని ఒక లెక్క. తుపాకీని బట్టి, తూటాను బట్టి అది చాలా మారుతుంది. 5, 10, 15, 20 మీటర్ల దూరాల్లో పెద్ద కాగితాలు కట్టి, కొనబోయే తూటాతోనే కాల్చి చూడాలి. ఎక్కడ మొదటి గుండు మనిషి ఆకారం దాటి పోతోందో, ఖాతాదార్లున్న హాలులో ఆ దూరం నుంచి కాల్చకూడదు. తప్పిన ప్రతి గుండుకూ జవాబు చెప్పాల్సింది గార్డే.

డబుల్ బ్యారెల్‌కు ఒక సుగుణం ఉంది: మడిస్తే లోడై ఉందో లేదో అందరికీ కనబడుతుంది. పంప్‌లో కనబడదు. పైగా చాలా పంప్ తుపాకుల్లో సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్‌ను ఆపదు. ఛాంబర్‌లో తూటాతో కింద పడితే పేలే అవకాశం ఉంది. కాబట్టి బ్యాంకులో ఛాంబర్ ఖాళీగా, తూటాలు ట్యూబులోనే ఉండాలి. డ్యూటీ దిగేటప్పుడు మూతి ఇసుక డబ్బా వైపు పెట్టి, సేఫ్టీ వేసి, ముందు పట్టు వెనక్కి లాగి, ట్యూబులోని తూటాలను, వాటిని ఆపే మీటను వేలితో నొక్కి, ఒక్కొక్కటిగా తీయాలి. చివర ఛాంబర్‌లోనూ ట్యూబులోనూ వేలు పెట్టి తడిమి చూడాలి. ఆ ఇసుక డబ్బా కూడా తుపాకీతో పాటే టెండరులో ఉండాలని బ్యాంకు అధికారులను కోరుతున్నాం.

ఇట్లు,
సాయుధ గార్డుల శిక్షకులు,
కర్నూలు