ముందు పుస్తకం, తర్వాతే ఆట

సంపాదకులకు నమస్కారం.

సెలవురోజున నాలుగిళ్ల చిన్నపిల్లల్ని ఒకచోట చేర్చి, ఒక బొమ్మల పుస్తకం ఆధారంగా ఆటలాడించే అలవాటు మన కాలనీల్లోనూ మొదలైంది. ఇది ఎంతో సంతోషించాల్సిన విషయం. కానీ చాలాచోట్ల బెలూన్లు, కేకు, ఫొటోల హడావిడిలో కథ చదవడానికి ఐదు నిమిషాలు కూడా మిగలడం లేదు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో పనిచేసేవాళ్లం కాబట్టి, ఇందులో ఏది నడుస్తుందో, ఏది ఎందుకు చెడుతుందో మీ పాఠకులకు చెప్పాలనిపించింది.

పిల్లలు ఆరుగురు చాలు. ఎనిమిది మంది దాటితే వెనకవాడికి బొమ్మ కనపడదు. వాడు లేచి నిలబడతాడు, వాడి వెనకవాడు ఏడుపు అందుకుంటాడు. పొద్దున పది నుంచి పదకొండున్నర వరకు మంచి సమయం. అది దాటితే ఆకలి, నిద్ర ముంచుకొస్తాయి, ఎంత మంచి ఆటైనా పేచీతోనే ముగుస్తుంది.

పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద బొమ్మ, మళ్లీమళ్లీ వచ్చే ఒక మాట ఉన్న పుస్తకం ఎంచుకోండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఒకటో స్థాయి తెలుగు కథలను ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. చదివేవాళ్లు కిటికీకి ఎదురుగా కూర్చోవాలి. వెలుతురు పుస్తకం వెనక నుంచి వస్తే బొమ్మలన్నీ నల్లగా కనిపిస్తాయి. మొదటిసారి ప్రశ్నలు అడక్కుండా ఏకబిగిన చదివేయండి. రెండోసారి, ఆ తిరిగొచ్చే మాట దగ్గర ఆగండి. పిల్లలే అందుకుంటారు. రెండు చదువులూ కలిపి పది నిమిషాలు మించకూడదు.

ఈ వానల్లో సీతాకోకచిలుక కథకు మించింది లేదు, ఎందుకంటే ఆ కథ మన పెరట్లోనే నడుస్తూ ఉంటుంది. నిమ్మ, కరివేపాకు లేత ఆకుల మీద ఒక్కొక్కటిగా, ఆవగింజ కన్నా చిన్నగా, లేత పసుపు రంగులో గుడ్లు కనిపిస్తాయి. పిల్ల పురుగు మొదట అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ముల జంటను బయటికి చాపి ఘాటైన వాసన వదులుతుంది. అది చూసిన పిల్లలకు పుస్తకంలోని బొమ్మ ఇక ఉత్త బొమ్మ కాదు. పురుగున్న కొమ్మను సన్నమూతి సీసాలో నీళ్లుపోసి పెట్టి, మూతి చుట్టూ దూది కుక్కండి. లేకపోతే పురుగు కాండం వెంట దిగి నీళ్లలో పడి చస్తుంది. ఆకు రోజూ మార్చాలి, మందు కొట్టిన ఆకు వేయకూడదు. మూసిన డబ్బాలో పెడితే చెమ్మకు బూజు పడుతుంది. పైన పలుచని బట్ట కప్పితే చాలు. ఒళ్లంతా నూగున్న గొంగళిపురుగుల జోలికి మాత్రం పిల్లల్ని పోనివ్వొద్దు. ఆ నూగు గుచ్చుకుంటే దద్దుర్లొస్తాయి.

చేతిపనికి పిండి ముద్ద ఒక్కటి చాలు. ఆరుగురికి రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు మెత్తని ఉప్పు, రెండు చెంచాల నూనె, ముప్పావు గ్లాసు నీళ్లు. నీళ్లు ఒక్కసారిగా పోస్తే జిగురై వేళ్లకు అంటుకుంటుంది, కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. తడిబట్ట కప్పకపోతే అరగంటకే పైన పెచ్చు కడుతుంది. రంగుకు పసుపు బాగుంటుంది కానీ బట్టలకు మరకవుతుంది, పాత చొక్కాలు వేసి పంపమని ముందే చెప్పండి. ఉండలు చేసి వరసగా అతికిస్తే పురుగు తయారు. ఈ ముద్దలో ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకోకుండా ఒక పెద్దమనిషి అక్కడే కూర్చోవాలి. ముద్దలు ఏడు చేయండి, ఆరు కాదు. ఒకటి కింద పడటం ఖాయం.

ఈ పని దగ్గరే పెద్దవాళ్లు ఎక్కువ పొరపాట్లు చేస్తారు. పిల్లాడి పురుగు వంకరగా ఉందని సరిచేస్తారు, ఫొటోకు అన్నీ ఒకేలా ఉండాలంటారు. దయచేసి చెయ్యి పెట్టకండి. మూడేళ్ల పిల్ల మూడు ఉండల దగ్గరే ఆపేసి పక్కకు పోతే అదే ఆ పిల్ల పురుగు.

తర్వాత ఒళ్లు కదలాలి. రెండు కుర్చీల మీద దుప్పటి వేస్తే సొరంగం. రెక్కల కోసం చున్నీ కట్టాలనుకుంటే మెడకు ముడి వేయొద్దు, చేతులకు చుట్టండి. బెలూన్లు అసలే వద్దు, పగిలిన ముక్క గొంతుకు అడ్డం పడుతుంది. తినడానికి అరటి, జామ, బొప్పాయి. ద్రాక్షను నిలువునా నాలుగు చీలికలు చేసి ఇవ్వండి. పల్లీలు, పుట్నాలు, పేలాలు ఈ వయసుకు ప్రమాదం. ఏ పిల్లకు ఏది పడదో పిలిచేటప్పుడే అడగాలి.

అయిపోవడానికి ఐదు నిమిషాల ముందే, ఇక అయిపోతుందని పిల్లలకు చెప్పండి, చివర్లో పుస్తకం మరోసారి చదవండి. పిల్లలు ఇంటికి పట్టుకెళ్లాల్సింది రిటర్న్ గిఫ్టు కాదు. ఆ పుస్తకమే వారానికొకరి ఇంట్లో ఉండేలా ఒప్పందం చేసుకోండి.

ఇక మీకొక విన్నపం. మీ ఆదివారం పిల్లల పేజీలో చదవడం వచ్చినవాళ్లకు చిక్కుముళ్లు, పదబంధాలు ఉంటున్నాయి. చదవడం రాని పిల్లల కోసం నెలకొక్క అరపేజీ ఇవ్వండి. ఎనిమిది గళ్లు, గడికొక పెద్ద బొమ్మ, కింద ఒకే వాక్యం. పై వరసలోని నాలుగు గళ్లు తలకిందులుగా అచ్చు వేస్తే, మడతపెట్టి నడుమ ఒక్క గాటు పెట్టగానే చిన్న పుస్తకం అవుతుంది. గాటు ఎక్కడ పెట్టాలో చుక్కల గీతతో చూపించండి.

ఇట్లు,
పూర్వప్రాథమిక ఉపాధ్యాయినులు,
హనుమకొండ