ఇల్లు అమ్మకానికి తయారుచేసిన చేతులకు దండాలు

హన్మకొండలోని మా నాన్న కట్టించిన ఇంటికి బయానా ముట్టింది. ఆ ఇంటి మీద పనిచేసినవాళ్లు పేర్లు రాయొద్దన్నారు. అందుకే ఎవరేం చేశారో చెప్పి దండం పెడుతున్నాం. ఇల్లు అమ్ముకునే ఆలోచన ఉన్నవాళ్లకు కొలతలు కూడా అక్కరకొస్తాయి.

ముందు మేస్త్రికి. వెనక అర్ర గోడకు కింద రెండడుగుల మేర సౌడు పట్టింది, అంటే తడికి ఉప్పు పైకి పొంగింది. పుట్టీ పెట్టి రంగేస్తే కనపడదని చూసినవాళ్లంతా అన్నారు. మేస్త్రి ఒక్కడే ఒప్పుకోలేదు. "లోపల తడి ఉండంగ పుట్టీ పెడితే రెండు నెలలకే పెచ్చులూడ్తది. కొనెటోడు గోరుతోని గీకి చూస్తడు" అన్నాడు. అడుగున్నర చదరం పాలిథీన్ కవరు కోసి, గోడకు నాలుగు పక్కలా టేపు అంటించి, రాత్రంతా ఉంచాడు. కవరుకు గోడవైపు చుక్కలు కడితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు, బయటివైపు కడితే అది గాలిలో తేమ. తెల్లారేసరికి గోడవైపే కట్టాయి.

అక్కడ ప్లంబర్ అందుకున్నాడు. రాత్రి మోటారు ఆపి, నల్లాలన్నీ కట్టేసి, మీది ట్యాంకులో నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీశాడు. పొద్దున్నే నీళ్లు గీతకు అంగుళం కిందున్నాయి. గోడ అవతలి బాత్రూంలో రెండు టైల్స్ మాత్రమే తీస్తే కారుతున్న ఎల్బో (పైపు మలుపు ముక్క) దొరికింది. గోడంతా పగలగొట్టనందుకు ఆయనకు ప్రత్యేకంగా థ్యాంక్స్.

ఆ తర్వాత సౌడు మరకకు ఇంకో అడుగు పైదాకా ప్లాస్టర్ కొట్టేసి, ఇటుకను వైర్ బ్రష్‌తో రుద్ది, వారం ఆరబెట్టారు. కొత్త ప్లాస్టర్‌కు సిమెంటు ఒక పాలుకు నాలుగు పాళ్ల జల్లించిన ఇసుక, 50 కిలోల సిమెంటు బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫింగ్ లిక్విడ్. రోహిణి కార్తె ఎండకు కొత్త ప్లాస్టర్ గంటల్లో బీటలేస్తుంది కాబట్టి గోనె సంచులు కప్పి ఏడు రోజులు, రోజుకు మూడుసార్లు తడిపారు. రంగుకు ముందు ఇంకో మూడు వారాలు ఆరనిచ్చారు. మాకే ఆత్రం, వాళ్లకు కాదు.

మిద్దె పని మృగశిరకు ముందే అయిపోయింది. పిట్టగోడ మొదట్లోని పగులును పది మిల్లీమీటర్ల లోతుకు 'వి' ఆకారంలో కోసి, పాలిమర్ మోర్టార్ నింపి, మూలంతా గుండ్రంగా గోళా తీశారు. తూములు మూసి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి, కింద స్లాబు తడుముకుంటూ తిరిగారు. ఎక్కడా చెమ్మ లేదు.

పెయింటర్ మొదట ముట్టుకున్నది గేటును. కొనేవాళ్లు బండి దిగి అక్కడే నిలబడతారు కదా. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆరాక ఎనామిల్ రెండు కోట్లు వేశాడు. లోపల అన్ని గదులకూ ఒకటే లేత రంగు. హాలులో ముదురు గోడ ఒకటి కావాలని మేమడిగితే వద్దన్నాడు. మంచి మాటే, ఆ హాలుకు ఉన్నదే ఒక కిటికీ.

నల్లాల మీద బోరు నీళ్ల తెల్ల పొరకు ఆసిడ్ వాడనీయని అక్కకూ కృతజ్ఞతలు. ఆసిడ్ క్రోమ్ పూతను, టైల్స్ మధ్య సిమెంటును తినేస్తుంది. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, అందులో ముంచిన గుడ్డను అరగంట చుట్టి ఉంచితే పొర మెత్తబడి ఊడొచ్చింది.

చూడటానికి వచ్చినవాళ్లందరూ అడిగింది ఒకటే: 2020 ఆగస్టులో, 2023 జులైలో వానలు పడ్డప్పుడు నీళ్లొచ్చాయా? వచ్చాయి, గేటు దాకా. ప్రహరీ మీద మరకకు రంగు వేయకుండా వదిలేయమని సలహా ఇచ్చిన పక్కింటి మామకు దండం. ఎలాగూ వాళ్లు ఆయన్నే అడిగారు.

డాక్యుమెంట్ రైటర్ అన్న ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల, తాకట్ల వివరాల పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత చేతుల నుంచి మారుతూ వచ్చిన పత్రాలు), ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు పక్కపక్కన పెట్టి పేర్లలో అక్షరాలు సరిచూశాడు. ఒక దాంట్లో ఇంటిపేరు పొట్టిగా ఉంది. బయానాకు ముందే సరిచేయించుకున్నాం. కొనేవాళ్లది బ్యాంకు లోను కాబట్టి ఆ తేడా ఉంటే అక్కడే ఆగేది.

ఇక ఆ అక్క సంగతే మళ్లీ. తాళం వేసి ఉన్న ఇంట్లో తలుపు తీయగానే మోరీ వాసన గుప్పుమనేది. ఫినాయిల్‌తో పోలేదు. బాత్రూం జాలి కింద ట్రాప్‌లో రెండంగుళాల నీళ్లు నిలిచి మోరీ గాలిని ఆపాలి. వాడకం లేక ఎండలకు ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ఆమె వారానికోసారి తాళం తీసి ఒక్కో జాలిలో రెండు మగ్గుల నీళ్లు పోసి, మీద చెంచాడు నూనె వదిలేది. నూనె పొరతో నీళ్లు త్వరగా ఇంకవు. వంటింటి సింకుకూ అంతే.

అక్కా, రిజిస్ట్రేషన్‌కు ఇంకా మూడు వారాలుంది. తాళం చెవి నీ దగ్గరే ఉంచు.