ముందు బొమ్మ గురించి అడగండి

తల్లిదండ్రులకు నమస్కారం.

కొన్ని వారాలుగా మన తొమ్మిది, పది తరగతుల పిల్లల మధ్య ఒక యానిమేషన్ మ్యూజిక్ వీడియో తిరుగుతోంది. మీలో కొందరు ఫోన్ చేసి, ఇలాంటివి పిల్లలు చూస్తుంటే స్కూల్ ఏం చేస్తోందని అడిగారు. అడగడం న్యాయమే. దాని పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. రాస్తే చిన్న తరగతుల పిల్లలు కూడా సాయంత్రానికల్లా వెతికి చూసేస్తారు. అలాగని ఊరుకోవడం కూడా సరికాదనిపించింది. ఆ వీడియో పసితనంలో ఒక బిడ్డ మీద జరిగిన అఘాయిత్యం గురించి. మన పిల్లలకు ఆ సంగతి అర్థమైంది. వాళ్లు దాని గురించి మాట్లాడాలనుకుంటున్నారు.

నేను, తెలుగు టీచర్, కౌన్సెలర్ కలిసి దాన్ని రెండుసార్లు చూశాం. తర్వాత పదో తరగతిలో మాట్లాడదలచుకున్నవాళ్లను మాత్రం కూర్చోబెట్టి, వీడియో పెట్టకుండా, చూసినదాని గురించి చెప్పమన్నాం.

పాటలో ఎక్కడా జరిగింది ఇదీ అని చెప్పరు. ఒక గదిలో నోరు కుట్టేసిన గుడ్డబొమ్మ ఉంటుంది. రాత్రి తలుపు గడియ తిరుగుతుంది. లోపలికి వచ్చే మనిషి మొహం ఒక్కసారి కూడా కనిపించదు. బూట్లు, చేతులు మాత్రమే కనిపిస్తాయి. కెమెరాను నేల దగ్గర పెట్టారు కాబట్టి మనం కూడా ఆ బొమ్మంత ఎత్తు నుంచే చూస్తాం. ఒక దృశ్యంలో బొమ్మ బీరువా మీద కూర్చుని, కింద మంచం మీద పడి ఉన్న తననే చూసుకుంటుంది. ఇది భయపెట్టడానికి వేసిన ఎత్తుగడ అనుకున్నారు కొందరు పిల్లలు. కౌన్సెలర్ వివరించారు: తప్పించుకోలేని బాధలో ఉన్నప్పుడు మనసు శరీరం నుంచి పక్కకు జరిగినట్టు, అదంతా ఇంకెవరికో జరుగుతున్నట్టు అనిపించడం నిజంగా ఉంటుంది. బాధ నుంచి బయటపడిన చాలామంది దాన్ని దాదాపు ఇలాగే వర్ణిస్తారు.

ఒక అబ్బాయి మేము గమనించనిది పట్టుకున్నాడు. బొమ్మ ఒంటి మీద కుట్లు రకరకాల రంగుల దారాలతో ఉన్నాయట, కొన్ని వెలిసిపోయాయి, కొన్ని కొత్తవి. "ఒక్కసారి చిరిగింది కాదు మేడమ్, చాలాసార్లు చిరిగింది" అన్నాడు. వైద్యులు కూడా సరిగ్గా ఇలాంటి గుర్తునే చదివారు. 1962లో హెన్రీ కెంప్, ఆయన సహచర వైద్యులు చిన్నపిల్లల ఎక్స్‌రేల గురించి రాశారు. ఒకే బిడ్డ ఎముకల్లో కొన్ని పాతబడి అతుక్కున్న విరుగుళ్లు, కొన్ని కొత్తవి కనిపిస్తే, ఎక్కడో జారిపడ్డాడన్న కథ నిలబడదని, ఇంట్లోనే ఎవరో కొడుతున్నారేమోనని అనుమానించాలని వైద్యలోకాన్ని హెచ్చరించారు. దాని తర్వాతే చాలాచోట్ల ఈ విషయాన్ని వైద్యులు, చట్టాలు గట్టిగా పట్టించుకోవడం మొదలైంది.

ఇంకో అమ్మాయి మాట నా మనసులోంచి పోవడం లేదు. ఇలాంటి బొమ్మల యానిమేషన్‌ను ఎలా తీస్తారో మీకు తెలిసే ఉంటుంది. బొమ్మను ఇసుమంత కదిపి ఒక ఫొటో తీస్తారు, మళ్లీ కదిపి ఇంకో ఫొటో. ఒక్క సెకను కదలికకు సాధారణంగా 12 నుంచి 24 ఫొటోలు కావాలి. ఆ అమ్మాయి అంది: "బొమ్మ తనంతట తాను కదలడం లేదు. ఎవరో కదుపుతున్నారు. ఆ చెయ్యి మనకెప్పటికీ కనపడదు." వీడియో తీసినవాళ్లు బొమ్మలనే ఎందుకు ఎంచుకున్నారో దీనికంటే బాగా నేను చెప్పలేను.

ఇక నోటి కుట్టు. చెప్పొచ్చు కదా, ఎందుకు చెప్పలేదని పెద్దవాళ్లం అడుగుతుంటాం. 1983లో రోలండ్ సమ్మిట్ అనే మనోవైద్యుడు లైంగిక వేధింపులకు గురైన పిల్లల్లో తరచూ కనిపించే ఐదు విషయాలను వరుసగా రాశారు: రహస్యంగా ఉంచమన్న ఒత్తిడి, నిస్సహాయత, చిక్కుకుపోయి దానికే సర్దుకుపోవడం, ఆలస్యంగా, తడబడుతూ బయటపెట్టడం, చివరికి చెప్పినదాన్ని తామే వెనక్కి తీసుకోవడం. బయట నుంచి చూస్తే అబద్ధంలా కనిపించే ప్రవర్తన, లోపల ఉన్న బిడ్డకు బతకడానికి దొరికిన దారి కావచ్చని ఆయన వాదన. ప్రతి బిడ్డా ఈ ఐదూ దాటాలని లేదు, వీటిని చూసి నిజమో అబద్ధమో తేల్చనూ కూడదు. ఆలస్యంగా చెప్పిన బిడ్డను "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అని నిలదీయకుండా ఉండటానికి ఇది చాలు.

ఇక్కడ మిమ్మల్ని ఒక విషయంలో గట్టిగా కోరుతున్నాను. ఈ వీడియో ఇష్టపడిన పిల్లలందరికీ ఏదో జరిగిందని అనుకోవద్దు. ఈ వయసులో చీకటి కథలు చాలామందికి నచ్చుతాయి. నల్లరంగుతో బొమ్మ వేస్తే, సొరుగుకు తాళం వేసుకుంటే, అది వేధింపుకు రుజువు కాదు. పిల్లలు వేసిన బొమ్మ ఒక్కటే చూసి నిపుణులు కూడా నిర్ధారణకు రారు. పాటలో గుర్తులకు అర్థం వెతికినట్టు మన పిల్లల ప్రతి కదలికకూ అర్థం వెతకడం మొదలుపెడితే, వాళ్లు మన ముందు మాట్లాడటం మానేస్తారు.

నన్ను బాగా కలవరపెట్టింది చివరి దృశ్యం. పెరిగి పెద్దదైన ఆ బొమ్మ, తనకంటే చిన్న బొమ్మ మీదికి వంగుతుంది. అంతటితో పాట అయిపోతుంది. చాలామంది పిల్లలు దాన్ని "అలా జరిగినవాడు అలాంటివాడే అవుతాడు" అని చదివారు. ఇలా అర్థం చేసుకోవడం ప్రమాదకరం. వాళ్ల పక్క బెంచీలోనే అలాంటి అనుభవం మోస్తున్న బిడ్డ కూర్చుని ఉండవచ్చు. ఆ మాట వింటే ఆ బిడ్డకు ఏమవుతుంది? అందుకే ఆ క్లాసులో నేను కల్పించుకుని మాట్లాడాను. 1989లో క్యాథీ విడమ్ అనే పరిశోధకురాలు హింసకు, నిర్లక్ష్యానికి గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మంది పిల్లల జీవితాలను, అలాంటి రికార్డు లేని 667 మందితో పోల్చి చూశారు. హింసకు గురైనవాళ్లలో తర్వాత అరెస్టయినవాళ్లు కొంత ఎక్కువే. కానీ వాళ్లలో కూడా ఎక్కువమంది ఏ నేరంలోనూ అరెస్టు కాలేదు. గొలుసు ఉందన్నది నిజమే, అయితే అది చాలామంది దగ్గర తెగిపోతోంది. పాట రాసినవాళ్లకు తమ భయాన్ని చెప్పుకునే హక్కు ఉంది. దాన్ని ఒక బిడ్డ జాతకంగా మార్చే హక్కు మనకు లేదు.

ఇంట్లో దీని గురించి ఎలా మాట్లాడాలని చాలామంది అడిగారు. ముందు బొమ్మ గురించే అడగండి. "ఆ బొమ్మకు ఏమవుతోందనిపించింది? అది ఎవరికి చెప్పుకోవచ్చు?" చాలు. "నీకూ ఇలా ఎవరైనా చేశారా?" అని సూటిగా మొదలుపెట్టొద్దు, అదే ప్రశ్న తిప్పి తిప్పి అడగొద్దు. 1990లలో స్టీఫెన్ సెసి, మ్యాగీ బ్రక్ చేసిన పరిశోధనల్లో, పెద్దవాళ్లు జవాబు ముందే పెట్టుకుని పదేపదే అడిగితే చిన్నపిల్లల్లో కొందరు జరగనిది కూడా జరిగినట్టు చెప్పడం కనిపించింది. అలా జరిగితే, నిజంగా జరిగిన సందర్భంలో కూడా ఆ బిడ్డ మాటకు విలువ తగ్గిపోతుంది.

ఒకవేళ మీ బిడ్డ నోరు విప్పితే పూర్తిగా వినండి. మధ్యలో ఏడవకుండా, కేకలు వేయకుండా ఉండటం కష్టమే. కానీ మీ మొహం చూసి బిడ్డ ఆగిపోవచ్చు. "నువ్వు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు లేదు" అనండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు, ఆ మాట నిలబెట్టుకోలేరు. బిడ్డ వాడిన మాటలనే, మీరు సరిదిద్దకుండా, తేదీతో రాసి పెట్టుకోండి. ఆ మనిషి మీ దగ్గరివాడే అయినా, మీరే వెళ్లి నిలదీయొద్దు. ముందు బిడ్డను అతనికి దూరంగా, భద్రంగా ఉంచి, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్‌కో, పోలీసులకో, మాకో చెప్పండి. మాకు చెప్పినా మేము దాన్ని మా దగ్గరే ఉంచుకోం, చర్య తీసుకోవాల్సినవాళ్లకు తెలియజేస్తాం. ఇది ముందే తెలిసి ఉండటం మంచిది.

వచ్చే తల్లిదండ్రుల సమావేశం ముగిశాక కౌన్సెలర్ ఎనిమిది నుంచి పది తరగతుల తల్లిదండ్రులతో విడిగా కూర్చుంటారు. వీడియో అక్కడ చూపించం. నలుగురిలో అడగలేని ప్రశ్నలుంటే పేరు రాయకుండా చీటీ మీద రాసి ఆఫీసు గుమ్మం దగ్గరి పెట్టెలో ముందే వేయండి. ఆ పెట్టె తాళం కౌన్సెలర్ దగ్గర మాత్రమే ఉంటుంది. అమ్మానాన్నలిద్దరూ రాగలిగితే ఇద్దరూ రండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు