శీనుకి, మోకాళ్ల గురించి

ఒరేయ్ శీనూ,

సైకిల్ తొక్కుతుంటే కుడి మోకాలి లోపలి పక్కన లాగుతోందని నువ్వు ఫోన్‌లో అన్న దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు. ఇవన్నీ ఫోన్‌లో హడావుడిగా చెప్తే సగం బుర్రకెక్కవు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. షాపతను చెప్పిన ఆ ఎర్ర క్లీట్లు, అదే బూటుని పెడల్‌కి పట్టించే బిళ్లలు, మాత్రం అప్పుడే కొనకు.

మామూలు పెడల్ మీద పాదం తనకి హాయిగా ఉండే చోటుకి తనే సర్దుకుంటుంది. క్లిప్‌లెస్ పెడల్‌తో అలా కాదు. బూటు అడుగున బిగించిన క్లీట్ టక్కుమని పెడల్‌లో దిగి పట్టేస్తుంది. నిమిషానికి 80 సార్లు తొక్కావనుకో, గంటలో ఒక్కో కాలు 4,800 సార్లు వంగి లేస్తుంది. పైన తుంటి సీటు మీద కుదురుకుని ఉంటుంది, కింద పాదం పెడల్‌కి అతుక్కుని ఉంటుంది. మధ్యలో మోకాలు తలుపు బందులాంటిది, దాని పనల్లా వంగడం, తిన్నగా అవడం. పాదాన్ని తప్పు కోణంలో బిగిస్తే ఆ మెలిక అంతా పాపం దాని మీదే పడుతుంది. అందుకే బరువు, కంపెనీ పేరు, అందం అన్నీ తర్వాత. ముందు ఫ్లోట్ ఎంతో చూడు. బూటు ఊడకుండానే మడమ అటూ ఇటూ ఎంత తిరగగలదో, ఆ వెసులుబాటే ఫ్లోట్.

రంగుల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. షిమానో రోడ్ సైకిల్ క్లీట్లలో ఎరుపు అంటే 0 డిగ్రీలు, కదలికే ఉండదు. నీలం 2, పసుపు 6. లుక్ కియోలో మాత్రం నలుపు 0, బూడిద రంగు 4.5, ఎరుపు 9. అంటే ఒక కంపెనీలో అన్నిటికంటే బిగుతైన రంగు, ఇంకో కంపెనీలో అన్నిటికంటే వదులు! షాపతను ఎరుపు అన్నాడు సరే, ఎవరి ఎరుపురా? షిమానోదైతే నీ మోకాలికి అది శిక్షే. స్పీడ్‌ప్లే పెడళ్లలో అయితే 15 డిగ్రీల వరకూ మనమే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మోకాళ్ల బాధ ఉన్నవాళ్లు దాని మీద మోజు పడేది అందుకే. ఖరీదు మాత్రం కాస్త ఎక్కువ.

నన్నడిగితే నువ్వు షిమానో ఎస్‌పీడీతో మొదలుపెట్టు. రెండు బోల్టుల చిన్న ఇనుప క్లీట్, బూటు అడుగున గుంటలో దాక్కుంటుంది కాబట్టి మామూలుగా నడవొచ్చు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023లో తెరిచిన 23 కిలోమీటర్లది, దాని మీద ఏ పెడలైనా బాగానే ఉంటుంది. అక్కడిదాకా చేరడమే అసలు పని: సిగ్నళ్లు, ఉన్నట్టుండి అడ్డొచ్చే ఆటోలు, గండిపేట దగ్గర చాయ్ కోసం దిగడాలు. రోడ్ క్లీట్లతో నున్నటి గచ్చు మీద నడిస్తే జారిపోతాం. ఎస్‌పీడీలో కూడా ఎస్‌హెచ్56 క్లీట్ అడుగు. ఎస్‌హెచ్51 మడమని పక్కకి తిప్పితేనే వదులుతుంది, 56 అయితే ఇంకొన్ని వైపులకి లాగినా వదిలేస్తుంది. పెడల్ మీద పట్టు తగ్గించే స్క్రూ ఉంటుంది, 3 ఎంఎం ఆలెన్ కీతో మొదట్లో బాగా వదులు చేసి పెట్టుకో. బిగుతుగా ఉంటే సిగ్నల్ సిగ్నల్‌కీ మోకాలు మెలేసి లాగాల్సి వస్తుంది.

ఇక బిగించడం. ఎత్తైన బల్ల అంచున కూర్చుని కాళ్లు వేలాడదీసి కిందికి చూడు. పాదాలు రెండూ తిన్నగా ఉండవు. నా కుడి పాదం ఎడమదానికంటే బయటికి తిరిగి ఉంటుంది, క్లీట్ కూడా అలాగే ఉంది. నీ పాదం ఎలా వేలాడితే అదే దాని కోణం, ఫ్లోట్‌కి సరిగ్గా నడుమ అది పడాలి. తర్వాత బూటు వేసుకుని బొటనవేలి వెనక ఉబ్బెత్తు ఎముకని బూటు పైనుంచే తడిమి స్కెచ్ పెన్నుతో గీత పెట్టు. చిటికెన వేలి వైపు కూడా అంతే, అది కాస్త వెనకగా తగులుతుంది. పెడల్ ఇరుసు ఆ రెండు గీతల మధ్య రావాలి. అనుమానంగా ఉంటే క్లీట్‌ని మడమ వైపే జరుపు, ముందుకి వద్దు.

మోకాలి ముందు భాగంలో నొప్పి అయితే సీటు కిందికి ఉందేమో చూడాలి, వెనక అయితే మరీ పైకి ఉందేమో. నీలా పక్కన అయితే, క్లీట్లు బిగించాక మొదట అనుమానించాల్సింది క్లీట్ కోణాన్ని, ఆ తర్వాత రెండు కాళ్ల మధ్య ఎడాన్ని. ఏది మార్చినా ఒకేసారి ఒకటే మార్చు, అదీ ఒకటి రెండు మిల్లీమీటర్లే. రెండూ కలిపి కదిపితే దేనివల్ల తగ్గిందో తెలియదు. నడిచేటప్పుడు కూడా నొప్పి ఉన్నా, వాపు కనిపించినా ఇదంతా పక్కన పెట్టి ముందు ఎముకల డాక్టర్‌కి చూపించు. చెల్లెమ్మకి కూడా ఈ మాట చెప్తా, నువ్వు వాయిదా వేస్తావని నాకు తెలుసు.

వచ్చే నెల వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగు. సైకిల్ తెచ్చుకో, క్లీట్లు మనిద్దరం కలిసి బిగిద్దాం. బూట్లు మాత్రం సాయంత్రం పూట కొందాం, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పొద్దున సరిపోయిన సైజు రైడ్‌లో వేళ్లని నొక్కేస్తుంది.

నీ
రఘు