బద్గాంలో కూలిన హెలికాప్టర్‌నూ తలచుకుందాం

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా ఫిబ్రవరి 27 రాగానే వింగ్ కమాండర్ అభినందన్ సాహసాన్ని మనం తలచుకుంటాం. అది న్యాయమే. అయితే 2019లో అదే రోజు ఉదయం శ్రీనగర్ నుంచి లేచిన ఎంఐ-17 వి5 హెలికాప్టర్ కొద్ది నిమిషాలకే బద్గాం వద్ద కూలిపోయి, అందులోని ఆరుగురు వాయుసైనికులూ, నేల మీదున్న ఒక పౌరుడూ చనిపోయిన సంగతి చాలామందికి గుర్తే లేదు. దాన్ని కూల్చింది మన స్పైడర్ క్షిపణే. అది తమ పెద్ద పొరపాటని నాటి వాయుసేనాధిపతి భదౌరియా అక్టోబరు 4న బహిరంగంగా ఒప్పుకునేసరికి ఏడు నెలలు దాటింది.

నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఒక చలికాలం రాత్రి మా పోస్టులో సంకేతపదం మారింది. అప్పటికే గస్తీకి వెళ్లిన జట్టుకు ఆ కబురు అందలేదు, ఎందుకంటే చలికి వాళ్ల వైర్‌లెస్ సెట్టు బ్యాటరీ దిగిపోయింది. తిరిగొస్తున్న వాళ్లను సెంట్రీ ‘థమ్, కౌన్ ఆతా హై’ అని నిలదీస్తే వాళ్లు పాత మాటే చెప్పారు. రైఫిల్ గురిపెట్టిన ఆ కుర్రాడు జట్టు నాయకుడి గొంతు గుర్తుపట్టబట్టి సరిపోయింది గానీ, గాలి హోరులో ఆ గొంతు వినపడకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కబురు అందక సొంతవాళ్లనే కాల్చుకునే ఈ పొరపాటు అమెరికా సైన్యానికీ తప్పలేదు. 2004 ఏప్రిల్ 22న అఫ్గానిస్థాన్‌లోని ఖోస్త్ ప్రాంతంలో, చెడిపోయిన వాహనం కారణంగా ఒక ప్లాటూన్ రెండుగా చీలింది. ఇరుకు లోయలో రెండు భాగాల మధ్య రేడియో సంబంధం తెగింది. వెనుక వచ్చినవారి కాల్పుల్లో ముందు భాగంలోని సైనికుడు, మాజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పాట్ టిల్‌మన్, ఒక అఫ్గాన్ సైనికుడు చనిపోయారు. శత్రువుల కాల్పుల్లోనే పోయాడని మొదట నమ్మిన కుటుంబానికి నిజం అయిదు వారాల తర్వాత గానీ చెప్పలేదు.

కబురు అందకపోవడం యుద్ధరంగంలో జరిగే పొరపాటు, కానీ జరిగినదాన్ని దాచడం తీరిగ్గా కూర్చుని తీసుకునే నిర్ణయం. కనుక ఇలాంటి ఘటనలపై విచారణకు గడువు పెట్టాలనీ, రహస్యాలు పోను మిగిలిన నివేదికను బయటపెట్టి శిక్షణలో పాఠంగా చెప్పాలనీ రక్షణ శాఖను కోరుతున్నాను. మన మిలటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇంటింటా సైనికులున్నారు. బిడ్డ ఎలా పోయాడో తల్లిదండ్రులు పత్రికల్లో చదివి తెలుసుకునే పరిస్థితి రాకుండా, ఆ సంగతి అధికారులే ముందుగా వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత హవల్దార్