ఆయిలర్‌ని యూలర్ అని ఎందుకు నేర్పాలి?

సంపాదకులకు నమస్కారం. హనుమకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. కాలిక్యులస్‌లో లిమిట్స్ చాప్టర్ దగ్గరికి రాగానే 'ఎల్ హాస్పిటల్ రూల్ వేయొచ్చా సార్' అని అడుగుతారు, దానికీ దవాఖానకూ ఏదో సంబంధం ఉందనుకునే పిల్లలు నిజంగానే ఉన్నారు. అది ఒక మనిషి పేరు, పలకాల్సింది లోపితాల్ అని. ఆయన ఫ్రాన్స్ దేశస్థుడు, 1696లో ఆయన అచ్చు వేయించిన కాలిక్యులస్ పుస్తకంలో ఈ పద్ధతి వచ్చింది, కానీ అసలు కనిపెట్టింది ఆయనకు పాఠాలు చెప్పిన యోహాన్ బెర్నూలి. ఈ సంగతి రెండు నిమిషాలు చెప్తే పేరూ గుర్తుంటుంది, రూలూ గుర్తుంటుంది.

1707లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టిన లెక్కల పండితుడు ఆయిలర్‌ని యూలర్ అంటున్నాం. అట్లనే ఫ్రాన్స్ లెక్కల పండితులు ఫెర్మాను ఫెర్మాట్ అని, కోషీని కౌచీ అని అంటున్నాం. తప్పు పిల్లలది కాదు, ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చదివితే అట్లనే వస్తుంది. మన లిపిలో ఆయిలర్ అని రాయడానికి ఏం కష్టం?

పేర్ల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇమాజినరీ నంబర్లు, అంటే మైనస్ 1 వర్గమూలంతో వచ్చే సంఖ్యలు, చెప్పే తీరు. అవి అసలు లేనివని, పరీక్ష కోసమే పెట్టారని పిల్లలు అనుకుంటారు. మైనస్ 1 వర్గమూలంతోనే ఏసీ కరెంటు సర్క్యూట్ల లెక్కలు కడతారని, రేపు ఎలక్ట్రికల్‌లో చేరితే అదే 'జె' పేరుతో ఎదురొస్తుందని చెప్పేవాళ్లు తక్కువ, సూత్రాలు బట్టీ పట్టించి చాప్టర్ దాటించేస్తారు.

మీ చదువు పేజీలో లెక్కల మెటీరియల్ వేసేటప్పుడు ప్రతి పేరు పక్కన పలికే తీరు తెలుగులో వేయండి. తెలుగు అకాడమీ వాళ్లు కూడా వచ్చే ముద్రణలో ఈ పని చేయాలి.

— ఒక లెక్కల మాస్టారు, హనుమకొండ